సవరం మీ నెత్తిన నిలిచింది, మా నెత్తిన నిలవదా?

మొన్న బడి వార్షికోత్సవానికి మా వాడ పిల్లకు సత్యభామ వేషం ఇచ్చారు. రెండు రోజులు నేర్పారు. మూడో రోజు తీసేశారు. ఎందుకయ్యా అని అడిగితే, పిల్ల బాగానే ఆడుతుంది గానీ జుట్టు పలచన, జడ నిలవదు అన్నారు. పనిమనిషి వేషం వేసుకోమన్నారు. దానికి జుట్టుతో పనిలేదట, చింపిరిగా ఉన్నా చాలట!

ఇది చిన్న విషయం అంటున్నారు మనోళ్లే కొందరు. కూలి రేట్లుండగా, భూములుండగా జడ గొడవేంటి అంటున్నారు. అన్నలారా, మేం గూడెం ఆడోళ్లం. నెత్తిన తట్ట మోసేదీ మేమే, ఆ తట్ట కింద నలిగే జుట్టూ మాదే. చిన్న విషయమో కాదో వినండి.

1920ల చివర కేరళలో 'విగతకుమారన్' అనే మూకీ సినిమా తీశారు. మలయాళంలో అదే మొదటి కథాచిత్రం. అందులో కథానాయిక పి.కె. రోజీ. పులయ కులం మనిషి, కూలి పని చేసుకుంటూ నాటకాలాడిన మనిషి. సినిమాలో ఆమె వేసింది నాయర్ స్త్రీ పాత్ర. తిరువనంతపురంలో మొదటి ఆటకు ఆమెనే హాల్లోకి రానివ్వలేదు. తెర మీద నాయకుడు ఆమె జడలో పువ్వును ముద్దు పెట్టుకునేసరికి అగ్రకుల ప్రేక్షకులు రాళ్లు రువ్వారు. ఆమె ఇల్లు తగలబెట్టారు. రోజీ ఊరొదిలి తమిళదేశం పారిపోయింది. మిగతా బతుకంతా తాను నటినని చెప్పుకోకుండానే బతికింది. పువ్వు కోసం ఇల్లు కాలింది! ఇప్పుడు చెప్పండి, జడ చిన్న విషయమా?

ఇక సత్యభామ సంగతికొద్దాం. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. అది సవాలు. ఆటలో నన్ను గెలిచేవాళ్లుంటే రండి, ఈ జడ కోసెయ్యండి అని. ఇంత పొగరు జడ ఎవరి నెత్తిన ఉండేది? కూచిపూడిలో తరతరాలుగా బ్రాహ్మణ మగవాళ్ల నెత్తిన. ఆడవాళ్లను ఆ మేళాల్లోకి రానిచ్చిందే ఇరవయ్యో శతాబ్దంలో. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా పేరు తెచ్చుకుని పద్మశ్రీ అందుకున్నారు. ఆయన విద్యను మేం తక్కువ చెయ్యం. మేమడిగేది ఒక్కటే. ఆ జడ సవరమే కదా! మగవాడి నెత్తిన నిలిచిన సవరం మా పిల్ల నెత్తిన ఎందుకు నిలవదు?

గోదావరి జిల్లాల్లో కళావంతుల ఆడవాళ్లు కూడా భామాకలాపం ఆడారు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. ఆడపిల్లను గుడికి అంకితమివ్వడం ఆగాల్సిందే, ఆ చట్టం రావాల్సిందే. కానీ వాళ్ల ఆట మీద సానిదన్న ముద్ర పడింది. అదే ఆట మగవాడు ఆడితే శాస్త్రీయ కళ అయింది. సొంత జుట్టుకు నింద, సవరానికి సన్మానం!

మరి మా జుట్టుకు ఏం దక్కింది? నూనె లేక, దువ్వెన లేక అట్టగట్టిన జుట్టుకు ఎల్లమ్మ జడలని పేరు పెట్టారు. దువ్వనివ్వలేదు, కొయ్యనివ్వలేదు. పసిపిల్లను జోగినిని చేసి ఊరి మీద వదిలారు. 1988లో జోగిని వ్యవస్థను నిషేధిస్తూ రాష్ట్రంలో చట్టం చేయాల్సి వచ్చింది. సత్యభామ జడ సవాలైతే, జోగిని జడ సంకెల. రెంటి మధ్య తేడా వెంట్రుకల్లో లేదు, కులంలో ఉంది.

మనకు ఆట రాదా? చిందు భాగవతంలో ఆడవాళ్ల వేషాలు ఆడవాళ్లే వేశారు. నిజామాబాదు జిల్లా చిందుల ఎల్లమ్మ గజ్జె కట్టి ఊళ్లకు ఊళ్లను కూర్చోబెట్టింది. జుట్టు ఎంత పొడుగని అక్కడ ఎవరూ కొలవలేదు. ఆట ఎట్లా ఉందో చూశారు.

కాబట్టి మేం రెండు పనులు చేస్తున్నాం. ఒకటి, బడికి వెళ్లి అడుగుతాం: వేషాలు ఎవరు పంచుతున్నారు, ఏం చూసి పంచుతున్నారు? పనిమనిషి, బిచ్చగత్తె వేషాలన్నీ మా వాడకే ఎందుకొస్తున్నాయి? సమాధానం అందరి ముందూ చెప్పాలి. రెండు, ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతికి మా వాడలో పందిరేస్తాం. సవరానికి ఇంటింటికీ తిరిగి చందా వేసుకుంటాం. మా పిల్ల సత్యభామ కడుతుంది. ఆ తర్వాత రోజీ కథ ఆడతాం, జడలో పువ్వు పెట్టుకునే ఆడతాం.

ఊళ్లో పెద్దలూ రండి, బడి పంతుళ్లూ రండి. ముందు వరసలోనే చాపలేస్తాం.

తెర మీదుగా జడ వేస్తున్నాం. ఆటలో గెలిచేవాళ్లుంటే రండి. కులంతో గెలుస్తామంటే మాత్రం కుదరదు.

జై భీమ్!