విమానం నిండితే చాలదు.. లెక్క కుదరాలి!

ఆగస్టు దగ్గరపడితే తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో సూట్‌కేసులు తూకం వేసుకునే ఇళ్లు కనిపిస్తాయి. రాత్రి రైలో బస్సో ఎక్కి హైదరాబాద్‌, శంషాబాద్‌లో ఒక విమానం, దుబాయ్‌లోనో దోహాలోనో దిగి మరో విమానం, ఆ తర్వాతే డాలస్‌ లేదా చికాగో. ‘ఇంతమంది వెళ్తున్నారు కదా, నేరుగా ఒక విమానం వేయొచ్చుగా?’ అనే మాట సాగనంపడానికి వచ్చిన బంధువుల్లో ఎవరో ఒకరు అనకమానరు. నిజానికి వేశారు. అది నిలబడలేదు. ఎందుకు నిలబడలేదో అర్థమైతే విమానయాన రంగం ఎలా ఆలోచిస్తుందో, అందులో మీకు చోటెక్కడో కూడా తెలుస్తుంది. ఏవియేషన్‌ కోర్సు పేరుతో లక్షలు కట్టే ముందు ఇది తెలుసుకోవడం అవసరం.

చికాగో నేర్పిన పాఠం

2021 జనవరి 15న ఎయిరిండియా హైదరాబాద్‌ నుంచి నేరుగా చికాగోకు సర్వీసు ప్రారంభించింది. వారానికి ఒక్కసారి. విమానం బోయింగ్‌ 777-200ఎల్‌ఆర్‌. సీట్లు 238: ఫస్ట్‌ క్లాస్‌ 8, బిజినెస్‌ 35, ఎకానమీ 195. దూరం సుమారు 13,300 కిలోమీటర్లు. కొంతకాలానికే ఆ సర్వీసు ఆగిపోయింది.

ఇక్కడ ఒక లెక్క వేద్దాం. పోవడానికి 17 గంటలు, రావడానికి 17 గంటలు, రెండు చోట్లా శుభ్రం చేసి ఇంధనం నింపడానికి చెరో రెండు గంటలు అనుకోండి. మొత్తం 38 గంటలు. అంటే రోజూ ఒక సర్వీసు నడపాలంటే ఒక విమానం సరిపోదు, కనీసం రెండు కావాలి. ఇంత చేసినా ఒక విమానం 38 గంటల్లో అమ్మగలిగేది 476 సీట్లే. అదే 180 సీట్ల చిన్న విమానాన్ని హైదరాబాద్‌–దుబాయ్‌ మధ్య తిప్పితే ఒక రౌండ్‌కు దాదాపు 10 గంటలు. 38 గంటల్లో మూడు రౌండ్లు, 1,080 సీట్లు.

అమెరికా టికెట్‌ ధర ఎక్కువే. కానీ పైలట్లు ఎక్కువమంది కావాలి, ఇంధనం చాలా ఎక్కువ కావాలి. పైగా దూరం పెరిగే కొద్దీ ఇంధనాన్ని మోయడానికే మరికొంత ఇంధనం కాల్చాలి. దూరాభారం వెళ్లే ఎడ్లబండిలో ఎడ్ల మేత కూడా మోసుకెళ్లినట్టన్నమాట. బండిలో మేత ఎంత పెరిగితే సరుకుకు చోటు అంత తగ్గుతుంది.

అందుకే ఇలాంటి మార్గాల్లో అసలు లాభం ముందు వరుసల్లోని బిజినెస్‌ సీట్ల నుంచి వస్తుంది. అదే వారంలో మొదలైన బెంగళూరు–శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మధ్యలో ఆగినా తిరిగి ప్రారంభమై, చికాగో సర్వీసుకంటే ఎక్కువ కాలం నడిచింది. రెండు వైపులా టెక్‌ కంపెనీలు ఉండటం, ఏడాది పొడవునా కంపెనీ ఖర్చుతో ప్రయాణించేవారు దొరకడం అక్కడి బలం. మన దగ్గర రద్దీ ఎక్కువగా విద్యార్థులది, పిల్లల్ని చూడటానికి వెళ్లే తల్లిదండ్రులది. వాళ్లు చౌక టికెట్‌ కోసం నెలల ముందే వెతుకుతారు. సీజన్‌లో వెళ్లే విమానం నిండుతుంది, తిరిగొచ్చేటప్పుడు సీట్లు మిగులుతాయి. సీట్లు నిండటం వేరు, డబ్బు రావడం వేరు.

ఏ విమానం కొనాలి?

దూర ప్రయాణాల విమానం ఎంచుకునేటప్పుడు సంస్థలు ముఖ్యంగా నాలుగు చూస్తాయి: ఎంత దూరం ఎగురుతుంది, ఎన్ని సీట్లు పడతాయి, సీటుకు ఎంత ఇంధనం తాగుతుంది, కింద ఎంత సరుకు పడుతుంది. నాలుగో దాన్ని మనం మరిచిపోతాం. కానీ హైదరాబాద్‌ మందుల ఎగుమతి కేంద్రం. 2024 జనవరి 16న లుఫ్తాన్సా బోయింగ్‌ 787-9తో ఫ్రాంక్‌ఫర్ట్‌ సర్వీసు వేసినప్పుడు, దూరం 7,100 కిలోమీటర్లే కావడం, అవతల పెద్ద హబ్‌ ఉండటం, కార్గోకు అవకాశం ఉండటం.. అన్నీ కలిసొచ్చే అంశాలే.

ఎంపిక తప్పితే ఏమవుతుందో చూపించడానికి 777-200ఎల్‌ఆర్‌ చాలు. చాలా దూరం ఎగురుతుంది కానీ సీట్ల సంఖ్యతో పోలిస్తే ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఎయిరిండియా ఎనిమిది కొని, 2013–14లో ఐదింటిని ఎతిహాద్‌కు అమ్మేసింది. 2023 ఫిబ్రవరిలో టాటాల చేతిలోని ఎయిరిండియా 470 విమానాలకు ఆర్డర్‌ ప్రకటించింది. వాటిలో పెద్దవి 70: ఎయిర్‌బస్‌ ఏ350లు 40, బోయింగ్‌ 787-9లు 20, 777-9లు 10. ఇండిగో కూడా 2024లో 30 ఏ350-900లకు ఆర్డర్‌ ఇచ్చింది. ఇవాళ ఆర్డరిస్తే విమానాలు చేతికందేది ఏళ్ల తర్వాతే. అంటే అప్పటికి ఎవరు ఎక్కడికి వెళ్తారో ఇప్పుడే అంచనా వేయాలి. 2023–24లో అమెరికాలో భారత విద్యార్థులు 3.31 లక్షల మంది. ఆ అంకె చూసి పెద్ద ప్లాన్‌ వేసినవారికి, 2025 సెప్టెంబరులో కొత్త హెచ్‌1బీ దరఖాస్తులపై అమెరికా పెట్టిన లక్ష డాలర్ల రుసుము ఎలాంటి తలనొప్పో ఊహించండి.

తెనాలి జంక్షన్‌ సూత్రం

గల్ఫ్‌ విమాన సంస్థల కిటుకు మీకు తెలిసిందే. రేపల్లె నుంచి చెన్నై వెళ్లాలంటే తెనాలిలో దిగి బండి మారతారు. రేపల్లె నుంచి చెన్నైకి రోజూ రైలు నింపేంత జనం ఉండరు. కానీ తెనాలికి వచ్చే బండిలో చెన్నై వెళ్లేవారు, విజయవాడ వెళ్లేవారు, గుంటూరు వెళ్లేవారు కలిసి కూర్చుంటారు కాబట్టి అది నడుస్తుంది. ఎమిరేట్స్‌కు దుబాయ్‌ అలాంటి జంక్షన్‌. హైదరాబాద్‌లో ఎక్కిన ఒకే విమానంలో డాలస్‌, లండన్‌, టొరంటో ప్రయాణికులంతా ఉంటారు. ఏ ఒక్క ఊరి గిరాకీ తగ్గినా విమానం ఖాళీగా పోదు. నేరుగా వెళ్లే విమానానికి ఆ వెసులుబాటు ఉండదు.

ఆకాశానికీ అనుమతి కావాలి

విమానం ఉంది, జనం ఉన్నారు. అయినా కుదరకపోవచ్చు. రెండు దేశాల మధ్య ఒప్పందం ప్రకారమే సీట్లు నడపాలి. దుబాయ్‌తో మన ఒప్పందంలో ఒక్కో వైపుకు వారానికి సుమారు 66 వేల సీట్ల పరిమితి ఉంది. గగనతలం మరో సమస్య. 2025 ఏప్రిల్‌ 24న పాకిస్థాన్‌ తన గగనతలాన్ని భారత విమానాలకు మూసేయడంతో, ఢిల్లీ నుంచి అమెరికా వెళ్లే ఎయిరిండియా విమానాలు కొన్ని మధ్యలో వియన్నాలో ఆగాల్సి వచ్చింది. చుట్టూ తిరిగి వెళ్లేంత దూరం ఇండిగో చిన్న విమానాలకు అందక అల్మాటీ, తాష్కెంట్‌ సర్వీసులు ఆగిపోయాయి. మ్యాప్‌లో ఒక గీత మారితే విమానం ఎంపికే తప్పయిపోతుంది.

మనకు దగ్గరి ఉదాహరణ గన్నవరం. 2018 డిసెంబరు 4న ఇండిగో విజయవాడ–సింగపూర్‌ సర్వీసు మొదలుపెట్టింది. నష్టం వస్తే పూడుస్తామని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం హామీ ఇచ్చింది. 2019 మధ్యకల్లా అది ఆగిపోయింది. మళ్లీ 2025 నవంబరు 15న మొదలైంది. ఈ మధ్యలో గన్నవరం రన్‌వే 3,360 మీటర్లకు పెరిగింది. రన్‌వే పొడవుంటే పెద్ద విమానం దిగగలదు. దిగాలా వద్దా అనేది మాత్రం లెక్క తేలుస్తుంది.

మీకు ఇందులో ఏముంది?

ఏవియేషన్‌ అనగానే పైలట్‌, క్యాబిన్‌ క్రూ అనుకుంటాం. పైన చెప్పిన లెక్కలన్నీ వేసేది వేరేవాళ్లు.

నెట్‌వర్క్‌ ప్లానింగ్‌, రెవెన్యూ మేనేజ్‌మెంట్‌: ఏ మార్గం, ఏ విమానం, ఏ రోజు ఏ ధర అనేది తేల్చే విభాగాలు. బీఎస్సీ స్టాటిస్టిక్స్‌, బీకాం, బీటెక్‌, ఎంబీఏ.. ఏ నేపథ్యమైనా ఎక్సెల్‌, ఎస్‌క్యూఎల్‌, కొంత పైథాన్‌ గట్టిగా రావాలి. ఎయిరిండియా, ఇండిగోల్లో ఈ కొలువులు ఎక్కువగా గురుగ్రామ్‌లో ఉంటాయి, సంఖ్య తక్కువ. విమాన సంస్థలకు సాఫ్ట్‌వేర్‌ అందించే అమడేయస్‌, సేబర్‌ బెంగళూరులో, ఐబీఎస్‌ తిరువనంతపురంలో ఉన్నాయి. అటువైపు నుంచి కూడా ప్రవేశించొచ్చు.

ఫ్లైట్‌ డిస్పాచ్‌: వాతావరణం, గగనతలం, బరువు చూసి ఇంధనం, మార్గం లెక్కగట్టే పని. డీజీసీఏ నిబంధనల ప్రకారం శిక్షణ, ఆమోదం కావాలి.

నిర్వహణ: ఇంటర్‌ ఎంపీసీ తర్వాత డీజీసీఏ ఆమోదించిన సంస్థలో ఏఎంఈ చదవొచ్చు. హైదరాబాద్‌లో జీఎంఆర్‌ ఏరో టెక్నిక్‌తో పాటు, 2025 నవంబరులో ప్రారంభమైన సఫ్రాన్‌ లీప్‌ ఇంజిన్ల కేంద్రం ఉంది.

ఫీజు కట్టే ముందు ఒకటి చూడండి. సంస్థ పేరు డీజీసీఏ ఆమోద జాబితాలో ఉందా? లేకపోతే ‘వంద శాతం ఎయిర్‌పోర్టు జాబ్‌’ అన్న బోర్డు చూసి కట్టకండి. డిపాజిట్‌ కడితేనే ఆఫర్‌ లెటర్‌ అంటే అది మోసమే.

డిగ్రీ చదువుతూనే చేయగల ప్రాజెక్టు ఒకటుంది. ఎయిర్‌పోర్ట్స్‌ అథారిటీ ప్రతి నెలా విమానాశ్రయాల వారీగా ప్రయాణికుల సంఖ్య ప్రకటిస్తుంది. డీజీసీఏ మూడు నెలలకోసారి అంతర్జాతీయ మార్గాల అంకెలు ఇస్తుంది. రెండూ తీసుకుని, గన్నవరం నుంచి తర్వాతి అంతర్జాతీయ సర్వీసు ఎక్కడికి వేయాలి, ఏ విమానంతో, వారానికి ఎన్నిసార్లు అని నాలుగు పేజీల్లో రాయండి. ఏ నెలల్లో సీట్లు ఖాళీగా ఉంటాయో కూడా రాయండి. ‘మా ఊళ్లో జనం చాలామంది వెళ్తారు సార్‌’ అనే అభ్యర్థి కంటే, ఫిబ్రవరిలో ఆ విమానాన్ని ఎలా నింపాలో చెప్పగల అభ్యర్థి మాటకే ఇంటర్వ్యూలో బరువుంటుంది.