బుల్లితెర మీద 'బ్రేకింగ్' భాగోతం!

పేరడీ అంటే మన సినిమావాళ్ళకు కొత్తేం కాదు. హిట్ పాటకు వేరే మాటలు కట్టి హాస్యనటుడి చేత పాడించడం, అగ్రహీరో నడకను అతని చేత నడిపించడం మనం ఈలలు వేసి మరీ చూసినవే. మరి వార్తలకే పేరడీ చేస్తే? అందులోనూ, ఇరవై నాలుగు గంటలూ డప్పు వాయించే వార్తా చానళ్ళకు? ఈ వారం ఆ కబుర్లే. బాగా నవ్వుకోవచ్చు. కాకపోతే చివర్లో ఆ నవ్వు కాస్త గొంతుకు అడ్డం పడుతుంది, ముందే చెబుతున్నాను సుమా!

ఒకప్పుడు వార్తలంటే ఎలా వుండేవి? 1983లో హైదరాబాదు దూరదర్శన్‌లో శాంతిస్వరూప్ గారు తెలుగు వార్తలు చదవడం మొదలుపెట్టారు. గొంతు పెంచేవారు కాదు, బల్ల చరిచేవారు కాదు. టెలీప్రాంప్టర్ లేని ఆ రోజుల్లో వార్తలన్నీ మనసులో పెట్టుకుని, మన కళ్ళలోకి చూస్తూ చెప్పేవారు. వార్తలు అయిపోయాయంటే అయిపోయినట్టే. లేచి భోజనాలకు కూర్చునేవాళ్ళం.

అమెరికాలో మాత్రం 1980లోనే సి.ఎన్.ఎన్. వచ్చేసింది. అంటే వార్తలు 'అయిపోవడం' అనేదే లేని చానలన్నమాట! 1989లో బ్రిటన్‌లో స్కై న్యూస్ మొదలైంది. 1991లో గల్ఫ్ యుద్ధాన్ని జనం ఇంట్లో కూర్చుని కాఫీ తాగుతూ చూశారు. ఇదంతా గమనించిన కొందరు కొంటెవాళ్ళు 1994 జనవరిలో బి.బి.సి. రెండో చానల్లో ఒక కార్యక్రమం పెట్టారు. పేరు 'ది డే టుడే'. ఆరంటే ఆరే భాగాలు. అంతకు ముందు ఇదే బృందం రేడియోలో 'ఆన్ ది అవర్' పేరుతో ఇలాంటి అల్లరే చేసింది.

క్రిస్ మోరిస్ అందులో వార్తలు చదివే ఆసామి. చక్కటి సూటు, ఉరిమే గొంతు, చూపుతోనే జడిపించే ముఖం. అతను చదివే శీర్షికలకు అర్థం వుండదు, కానీ చదివే తీరు చూస్తే దేశం మునిగిపోతున్నట్టే వుంటుంది. వెనకాల గిర్రున తిరిగే భూగోళాలు, చెవులు పగిలే సంగీతం! ఆర్థిక విలేకరి ఒకడు మంత్రిగారు ఇలా అన్నారని కోస్తాడు. స్టూడియోలోంచి మోరిస్ నాలుగు ప్రశ్నలు వేసేసరికి పాపం నీళ్ళు నమిలి, బడిలో హోంవర్కు చేయని పిల్లాడిలా తల దించుకుంటాడు. ఆటల విలేకరి ఆలన్ పార్ట్రిడ్జ్‌కు ఆటల గురించి ఓనమాలు రావు. ఆ వేషం వేసింది స్టీవ్ కూగన్.

అన్నింటికన్నా గొప్ప ఘట్టం యుద్ధానిది. ఆస్ట్రేలియా, హాంకాంగ్ ఏదో వాణిజ్య ఒప్పందం చేసుకుంటాయి. ఇద్దరు ప్రతినిధులూ నవ్వుతూ తెర మీదకు వస్తారు. మోరిస్ ఇటో పుల్ల, అటో పుల్ల పెడతాడు. ఆయన మిమ్మల్ని ఇలా అన్నాడే, మీరు వూరుకుంటారా అన్న ధోరణిలో రెచ్చగొడతాడు. నాలుగు నిమిషాల్లో ఒప్పందం కాస్తా యుద్ధమై కూర్చుంటుంది! యాంకర్ ముఖంలో ఆ ఆనందం చూడాలి. స్టూడియో అంతా క్షణాల్లో యుద్ధరంగంలా మారిపోతుంది. ఆస్ట్రేలియాకూ హాంకాంగ్‌కూ మధ్య వున్నది సముద్రమే కదా, అయినా 'సరిహద్దు' నుంచి విలేకరి ప్రత్యక్షంగా మాట్లాడతాడు!

ఇందులో కిటుకు ఏమిటంటారా? ఎవరూ నవ్వరు. కన్ను కొట్టరు. అసలు చానల్లో ఎంత గంభీరంగా వుంటారో అంత గంభీరంగానూ వుంటారు. వాళ్ళు వెక్కిరించింది వార్తను కాదు, వార్త తొడుక్కున్న వేషాన్ని. జరిగిన సంగతి చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. మిగతా ఇరవై మూడు గంటల యాభై అయిదు నిమిషాలూ దేంతో నింపాలి? సంగీతంతో, బాణం గుర్తులతో, 'అక్కడ పరిస్థితి ఎలా వుంది?' అన్న ప్రశ్నతో. అక్కడి విలేకరికి తెలిసిందల్లా తను నిలబడిన చోటు మాత్రమే!

ఆ బృందం తర్వాత ఎక్కడెక్కడికి వెళ్ళిందో సినీ ప్రియులు తెలుసుకోవాలి. నిర్మాత అర్మాండో ఇయనూచి 2009లో 'ఇన్ ది లూప్', 2017లో 'ది డెత్ ఆఫ్ స్టాలిన్' చిత్రాలకు దర్శకుడయ్యాడు. మోరిస్ 2010లో 'ఫోర్ లయన్స్' తీశాడు. నీళ్ళు నమిలిన ఆర్థిక విలేకరి వేషధారి పాట్రిక్ మార్బర్ 'క్లోజర్' నాటకం రాసి, 2004లో అది సినిమా అయితే దానికీ తనే రచన చేశాడు. పార్ట్రిడ్జ్ పాత్ర 2013లో ఏకంగా వెండితెరకే ఎక్కింది. 2005లో బి.బి.సి.లోనే 'బ్రోకెన్ న్యూస్' వచ్చింది. మనం రిమోట్ నొక్కుతూ చానల్ నుంచి చానల్‌కు గెంతినట్టే ఆ కార్యక్రమమూ గెంతుతుంది.

ఇక మన ఇంటి సంగతి. 2018 ఫిబ్రవరి 24న దుబాయిలో శ్రీదేవి కన్నుమూసింది. హోటలు గదిలో స్నానాల తొట్టిలో ప్రమాదవశాత్తూ మునిగిపోయిందన్నారు. 'పదహారేళ్ళ వయసు', 'జగదేకవీరుడు అతిలోకసుందరి' చూసి మురిసిపోయిన జనం దుఃఖంలో వుంటే, కొన్ని చానళ్ళు ఏం చేశాయో గుర్తుందా? తొట్టి బొమ్మ వేసి, అందులో ఆమె బొమ్మను పడుకోబెట్టాయి. ఒక తెలుగు విలేకరి అయితే తనే తొట్టిలో దిగి పడుకుని చూపించాడు! మోరిస్ బృందం ఇలాంటి ఘట్టం రాసుకుని వుంటే, మరీ అతిగా వుందని వాళ్ళే కొట్టేసేవాళ్ళేమో. పేరడీని అసలు సరుకు మించిపోతే ఇంక పేరడీ చేసేవాడు ఏం చేయాలి చెప్పండి?

ఆ ప్రశ్నకు నాకు తోచిన మంచి జవాబు 2010లో వచ్చిన హిందీ చిత్రం 'పీప్లీ లైవ్'. దర్శకురాలు అనూషా రిజ్వీ అంతకు ముందు టి.వి. విలేకరే. లోగుట్టు తెలిసిన మనిషి. అప్పులపాలైన నత్థా అనే రైతు చచ్చిపోతానంటాడు. చానళ్ళ వ్యాన్లన్నీ వూరి మీద వాలతాయి. అతను చెంబు పట్టుకుని పొలాల్లోకి వెళ్ళినా వార్తే! హాలు గొల్లుమంటుంది. కానీ అదే వూళ్ళో హోరీ మహతో అనే మరో రైతు మట్టి తవ్వి అమ్ముకుంటూ, తను తవ్విన గోతిలోనే ప్రాణం వదిలేస్తాడు. ఒక్క కెమెరా అటు తిరగదు. అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. చానళ్ళు ఏం చూపిస్తున్నాయో వెక్కిరించడం తేలికే. ఏం చూపించడం లేదో గుర్తు చేయడమే కష్టం. రిజ్వీ ఆ పని చేసింది.

'ఇవన్నీ చూసి చానళ్ళు మారాయా?' అని మీరడగవచ్చు. లేదు. 'ది డే టుడే' ప్రసారం చేసిన బి.బి.సి. కూడా 1997లో తన ఇరవై నాలుగు గంటల చానల్ పెట్టుకుంది! మారేది చూసేవాడి కన్ను. ఆ మధ్య వానల్లో ఒక చానల్ హడావుడికి మా అమ్మ బెంబేలెత్తి, ట్రంకుపెట్టెలో బట్టలు సర్దడం మొదలుపెట్టింది. ఇంటర్ చదివే మా మేనల్లుడు రిమోట్ తీసుకుని శబ్దం తీసేశాడు. 'మామయ్యా, ఇప్పుడు చూడు, ఏముంది అందులో? తాళం వేసిన గేటు, గొడుగు పట్టుకున్న మనిషి!' అన్నాడు. నిజమే. పావుగంట చూసినా గేటు గేటులాగే వుంది. అమ్మ పెట్టె మూసి వంటింట్లోకి వెళ్ళింది.

మీరూ ఒకసారి చేసి చూడండి. ఈ రాత్రి మీ ఇంట్లో ఏ చానల్ గొంతు చించుకుంటున్నా సరే, అయిదు నిమిషాలు శబ్దం తీసేసి బొమ్మ మాత్రం చూడండి. ఏం కనిపించిందో నాకు కార్డు ముక్క రాయండి. వచ్చే వారం కలుద్దాం!