అనుభవశుల్కము

కన్యను ధనమునకిచ్చుట కన్యాశుల్కమనియు, వరుని ధనమునకు గొనుట వరశుల్కమనియు మన పెద్దలు పేళ్లు పెట్టి, ఆ రెండు దురాచారములను సభలలోను పత్రికలలోను చిరకాలము ఖండించిరి. మొదటిది దాదాపుగా నశించినది. రెండవది 1961వ సంవత్సరపు వరకట్న నిషేధ చట్టమును కాలరాచి నిర్భయముగా బ్రదుకుచున్నది. మూడవ శుల్కమొకటి ఇప్పుడు మన కన్నులయెదుటనే పుట్టి పెరుగుచున్నది. దానికింకను పేరు పెట్టినవారు లేరు. పట్టా పుచ్చుకొన్న యువకుడు పని నేర్చుకొనుటకును, పని చేయుటకును, తుదకు పని చేసితినని వ్రాసియున్న కాగితమొకటి సంపాదించుటకును ఎదురు సొమ్ము చెల్లించుచున్నాడు. దీనిని ఇంటర్న్‌షిప్పనుచున్నారు. ఆ మాట నిర్దోషమైనది; దాని మాటున జరుగుచున్న బేరము నిర్దోషమైనది కాదు. కావున ఈ బేరమునకు అనుభవశుల్కమని పేరిడుచున్నాను.

ఈ బేరమును పరిశీలింపగోరువారు దూరము పోనక్కరలేదు. హైదరాబాదునకు ఉత్తరమున నాగపూరు బాటమీద సుచిత్ర కూడలి యున్నది; అచ్చట నిలిచి చూచిన చాలును. ఉత్తరముగా పోయినచో కొంపల్లి, దూలపల్లి, మైసమ్మగూడ, కండ్లకోయ, మేడ్చలు. ఈ దారిపొడవునను ఇంజనీరింగు కళాశాలలు ఒకదాని ప్రహరిగోడను మరియొకటి ఆనుకొనునంత దట్టముగా వెలసియున్నవి. పడమరగా మరలినచో జీడిమెట్ల పారిశ్రామికవాడ, దాని కవతల బాలానగరము: మందుల కర్మాగారములు, లేతు యంత్రముల శాలలు, ప్లాస్టిక్కు అచ్చులు చేయువారు, విద్యుత్పరికరములు కూర్చువారు. తూర్పున అల్వాలు దాటి రాజీవు రహదారి పట్టినచో శామీరుపేట, తుర్కపల్లి. అచ్చట 1999లో ప్రారంభమైన జీనోమ్ వ్యాలీలో దేశదేశములకు పోవు టీకాలు తయారగుచున్నవి. ఒక దిక్కున చదువు, రెండు దిక్కుల పని, నడుమ కొలది దూరము. అయినను మన బాలుడు నాలుగేండ్లు కళాశాల బస్సులో ఈ కూడలి మీదుగా తిరిగి, ఒక్క కర్మాగారపు గేటులోపల నైనను అడుగిడకయే పట్టా పుచ్చుకొనుచున్నాడు. పుచ్చుకొని యేమి చేయుచున్నాడు? అమీరుపేటకు పోయి, తండ్రి అప్పు తెచ్చిన సొమ్ముతో మరల నొక కోర్సులో చేరుచున్నాడు.

పని నేర్పవలెనను సదుద్దేశము ప్రభుత్వమునకు లేకపోలేదు. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో ప్రకటించిన మాదిరి పాఠ్యప్రణాళికలో ఇంజనీరింగు విద్యార్థులకు ఇంటర్న్‌షిప్పును విధిగా చేర్చినది. మంచి నియమమే. కాని మన దేశమున ఒక కాగితము విధి యైన మరుక్షణమే ఆ కాగితమును అమ్ము అంగడి తెరవబడును. నాలుగు వారములు తీరిక వేళల పాఠముల దృశ్యములు చూచినవానికి, చూడకపోయినను రుసుము కట్టినవానికి, రంగుల ముద్రతో సర్టిఫికెట్టు వచ్చుచున్నది. ఇతడు మా సంస్థయందు శ్రద్ధాసక్తులతో పనిచేసి మా మన్ననకు పాత్రుడయ్యెనని అందులో వ్రాయుదురు. సంస్థ యెక్కడ నున్నది? ఒక గదిలో నున్నది. మన్నించిన వారెవరు? ఆ కాగితమును ముద్రించిన యంత్రమే. ఇక చివరి సంవత్సరపు ప్రాజెక్టు సంగతి చెప్పనక్కరలేదు. పెండ్లి శుభలేఖలవలె అది సిద్ధముగా దొరకును, పేరు మార్చుకొనుటయే తరువాయి. వీరికంటె సాహసికులు కొందరు కన్సల్టెన్సీయని బోర్డు కట్టి, డిపాజిట్టు పుచ్చుకొని, మూడు నెలలు శిక్షణ యని కూర్చుండబెట్టి, ఒకనాటి రాత్రి బోర్డుతో సహా అంతర్ధానమగుచున్నారు. ఇటువంటి మోసములపై మాదాపూరు ప్రాంతపు పోలీసులు పలుమారులు కేసులు పెట్టియున్నారు. పట్టుబడిన దొంగను గూర్చి నాకంత చింత లేదు. పట్టుబడనక్కరలేని బేరమును గూర్చియే నా చింత. కళాశాలయే ఒక కంపెనీని పిలిపించి, తలకింతయని విద్యార్థులవద్ద వసూలుచేసి, ఇదియే మీ ఇంటర్న్‌షిప్పని చెప్పినప్పుడు ఏ పోలీసు వచ్చును?

పూర్వము కచేరీలలో ఉమేదువారులని యుండెడివారు. ఖాళీ యేర్పడినప్పుడు తమకు దక్కునను ఆశతో వారు జీతము లేకయే గుమాస్తాపని చేయుచుందురు. ఆ పద్ధతియు న్యాయమైనది కాదు. ఇంట తిండికి లోటులేనివాడే ఉమేదువారుగా నుండగలిగెను, లేనివాడు పొలమునకు పోయెను. అయినను ఉమేదువారుడు తహసీలుదారునకు నెలనెల రుసుము కట్టలేదు. అతని చేతిలో నిజమైన దస్తరము లుండెను. తప్పు వ్రాసిన చీవాట్లు పెట్టి దిద్దువాడుండెను. ఆ ఉమేదువారుని దుర్దశ కంటెను నేటి పట్టభద్రుని దుర్దశ దిగజారినది. సిద్దిపేటనుండియో కామారెడ్డినుండియో వచ్చి సుచిత్ర దగ్గర హాస్టలులో నలుగురితో గది పంచుకొను కౌలురైతు కూతురిని తలచుకొనుడు. ఆరు నెలలు జీతము లేకుండ పనిచేయుమన్నచో ఆమెకది ఉద్యోగమునకు ద్వారము కాదు, మూసిన తలుపు. ఆమెకంటె తక్కువ మార్కులు వచ్చిన ధనికుని కొడుకు ఆ ఆరునెలలు సుఖముగా గడపి అనుభవజ్ఞుడనిపించుకొనును. ప్రతిభను పరీక్షించుచున్నామని పలుకు కంపెనీలు వాస్తవమున తండ్రి సంచిని పరీక్షించుచున్నవి.

దీనికి పరిశ్రమాధిపతులు చెప్పు సమాధానము నాకు తెలియును. “అయ్యా! ఈ పిల్లలకేమియు రాదు. స్క్రూగేజీ పట్టుకొనుట యెరుగరు. మా యంత్రము పాడుచేసి, మా మేస్త్రి కాలము వ్యర్థపుచ్చి, నేర్చిన మర్నాడే పొరుగు కంపెనీకి పోవుదురు. వీరికి మేమేల జీతమియ్యవలెను?” పిల్లలకు పని రాదనుట చాలవరకు నిజమే. కాని రాకపోవుటచేతనే గదా నేర్పవలసివచ్చినది! వైద్యవిద్యార్థి నాలుగున్నర సంవత్సరములు చదివిన పిమ్మట ఒక సంవత్సరము ఆసుపత్రిలో హౌస్ సర్జనుగా పనిచేయును; అతనికి స్టైపెండు ఇయ్యవలెను. కొన్ని ప్రైవేటు కళాశాలలు ఎగవేయుచున్నవని సుప్రీంకోర్టు వరకు వివాదము పోయినది గాని, ఇయ్యవలసిన పనిలేదని బహిరంగముగా పలుకు సాహసము ఎవరికిని లేదు. లెక్కల పరీక్షకుడు కాగోరువాడు ఆడిటరు వద్ద ఆర్టికల్సు చేయును. 2023నుండి దాని కాలము రెండేండ్లు. అతనికిని కనీసపు స్టైపెండు నిబంధనలచే నిర్ణయింపబడియున్నది. మనుష్యుని కోయువానికి, పద్దులు కోయువానికి లేని ఎదురు కట్నము ఇనుము కోయువానికి మాత్రమేల?

అదిగాక జీడిమెట్ల బాలానగరముల పరిశ్రమలు తమ పుట్టుక మరచుట తగదు. 1961లో స్థాపితమైన ప్రభుత్వ ఔషధసంస్థ ఐ.డి.పి.ఎల్. సోవియెట్టు సాయముతో బాలానగరమున కర్మాగారము నిర్మించినది. రసాయనశాస్త్రము చదివి వచ్చిన యువకులు అచ్చట జీతము పుచ్చుకొనుచు మందులు చేయు విద్యను నేర్చిరి. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను నెలకొల్పిన కల్లం అంజిరెడ్డిగారు అచ్చట పనిచేసినవారే. అచ్చటినుండి వెలుపలికి వచ్చినవారి చేతులమీదుగానే ఈ నగరపు ఔషధ పరిశ్రమ విస్తరించినది. ఐ.డి.పి.ఎల్. మూతపడినది, దాని పేరు నేడొక చౌరస్తాకు మిగిలినది. నేర్చినవారు వెడలిపోవుట నష్టమే యైనచో ఆ సంస్థకంటె నష్టపడినవా రెవరు? కాని దాని నష్టము మన కందరకును లాభమయ్యెను. ఆ చెరువు నీటితో పండిన పొలముల యజమానులు నేడు తట్టెడు మట్టి చెరువుకట్టకు వేయుమన్నచో, మాకేమి లాభమని యడుగుచున్నారు. 1968లో బాలానగరముననే స్థాపింపబడిన కేంద్ర పరికర రూపకల్పన సంస్థ యంత్రముల ముందర నిలువబెట్టి శిక్షణ నిచ్చుచున్నది. నేర్పు స్థలములు పొరుగుననే యున్నవి. నేర్పవలెనను పట్టుదలయే పొరుగువారికి కొరవడినది.

ఇక చట్టమును చూతము. వరకట్నమును నిషేధించిన ఆ 1961వ సంవత్సరముననే మన పార్లమెంటు అప్రెంటిసుల చట్టమును చేసినది. 1973లో దానిని సవరించి ఇంజనీరింగు పట్టభద్రులను, డిప్లొమావారిని అందు చేర్చిరి; 2014లో ఇతర పట్టభద్రులకును ద్వారము తెరచిరి. 2019లో సవరించిన నిబంధనల ప్రకారము ముప్పదిమంది గాని అంతకు మించి గాని పనివారు గల ప్రతి సంస్థయు తన సిబ్బందిలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వరకు అప్రెంటిసులను తీసికొనవలెను. పట్టభద్రునకు నెలకు 9,000 రూపాయలకు తగ్గని స్టైపెండును అప్పుడే నిర్ణయించిరి. అందు సగము కేంద్రప్రభుత్వము భరించును. రెండువందల మంది గల కర్మాగారము అయిదుగురిని తీసికొనిన చాలును. మరి తీసికొననిచో? పూర్వము చెర కూడ నుండెను; 2014 సవరణ దానిని తొలగించి, ఖాళీగా నుంచిన ఒక్కొక్క స్థానమునకు మొదటి మూడు నెలలు నెలకు 500 రూపాయలు, తరువాత 1,000 రూపాయలు జుల్మానా విధించినది. లెక్క చూడుడు. చట్టమును పాటించినచో యజమానికి పట్టభద్రునిపై నెలకు 4,500 రూపాయల వ్యయము. ధిక్కరించినచో 1,000 రూపాయలు. ధిక్కారమునకింత చౌకధర కట్టి, ఎవరును పాటించుట లేదని విలపించుట వింత గాదా? ఆ జుల్మానా నైనను వసూలు చేయుట అరుదు.

కళాశాలాధిపతులు దీనిని విని సంతోషింపనక్కరలేదు. వారి పాలు ఇంతకంటె పెద్దది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున బోధనాశుల్కమును ప్రభుత్వమే చెల్లించు పథకము విస్తృతముగా వచ్చిన పిమ్మట ఇంజనీరింగు కళాశాలలు వర్షాకాలపు పుట్టగొడుగులవలె మొలచి ఏడువందలు దాటినవి. పేదపిల్లలకు చదువు దొరకుట గొప్ప మేలే. ఆ పథకమును నేను నిందింపను. కాని సొమ్ము తల లెక్కించి వచ్చుచుండగా, ఆ తలలోనికేమి చేరినదో, ఆ చేతికేమి వచ్చినదో విచారించువారు లేకపోయిరి. ప్లేస్‌మెంటు అధికారి యను నొక ఉద్యోగి యుండును. అతని ముఖ్యమైన పని ప్రవేశముల కాలమున రహదారి ప్రక్కన పెద్ద బొమ్మలు కట్టించుట.

మరియొక విధముగా నడపుట సాధ్యమా యందురా? శామీరుపేట ప్రాంతముననే 2008లో తన ప్రాంగణము తెరచిన బిట్స్ పిలానీని చూడుడు. ఆ సంస్థ 1973నుండియు ప్రాక్టీసు స్కూలను పద్ధతిని నడపుచున్నది. విద్యార్థి నడుమ వేసవిలో రెండు నెలలు, చివర అయిదున్నర నెలలు పరిశ్రమలో పనిచేయును. స్థలము వెదకు భారము విద్యార్థిది కాదు, సంస్థది. అధ్యాపకుడొకడు దానిని పర్యవేక్షించి మార్కులు వేయును. అమెరికాలో సిన్సినాటి విశ్వవిద్యాలయమున హెర్మన్ ష్నైడరను ఆచార్యుడు కొంతకాలము తరగతి, కొంతకాలము కర్మాగారము అను పద్ధతిని 1906లోనే ఆరంభించెను. వారు ధనవంతుల బిడ్డలు, వారి సంగతి వేరని మైసమ్మగూడ పెద్దలు పలుకుదురేమో. నా ప్రత్యుత్తరమిది. ఈ పద్ధతికి కావలసినది పాలరాతి భవనము కాదు. జీడిమెట్లకు వారమునకు రెండుదినములు పోయి యజమానులతో మాటలాడి, పిల్లవాడు చేసిన పనిని కన్నులార చూచి వచ్చు అధ్యాపకుడు. అతనికి బస్సు ఛార్జీయు, ఆ దినములకు జీతమును ఇయ్యలేని కళాశాలకు అన్ని బస్సులెక్కడివి?

ఢిల్లీ ప్రభుత్వము 2024 అక్టోబరులో ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్పు పథకమును ప్రయోగముగా ఆరంభించినది. అయిదేండ్లలో కోటిమందికి అయిదువందల పెద్ద కంపెనీలలో ఏడాదిపాటు పని యని సంకల్పము. మొదటి విడతలో లక్షకు పైగా స్థానములు ప్రకటింపగా చేరినవారు సుమారు 8,700 మంది. ఆశ్చర్యమేమున్నది? నెలకు ఇచ్చినది 5,000 రూపాయలు. పరయూరిలో గది అద్దెకే సరి. పథకములు ఢిల్లీనుండి వచ్చుటకంటె, సుచిత్రకు కూతవేటు దూరమున నున్న వాడలో ఖాళీగా నున్న అప్రెంటిసు స్థానములు నిండుట మేలని నా అభిప్రాయము. అచ్చటికి పిల్లవాడు ఇప్పుడుండు గదినుండియే పోయిరాగలడు.

కావున ఈ యేటి ఎప్‌సెట్ కౌన్సెలింగునకు బిడ్డను వెంటబెట్టుకొని వచ్చు తండ్రులకు నా విన్నపము. గ్రంథాలయమెంత, క్యాంటీనెంత యని యడుగకుడు. గతసంవత్సరమున మీ విద్యార్థులెందరు ఏయే కర్మాగారములలో ఎన్ని నెలలు పనిచేసిరి, వారికి నెలకెంత ముట్టినది, వారివద్ద మీరెంత పుచ్చుకొంటిరి, ఆ పట్టిక చూపుమనుడు. చూపనిచో ప్రక్క గేటునకు పొండు. ప్రక్క గేటు దూరమున లేదుగదా! విద్యార్థులు సొమ్మడుగు ఇంటర్న్‌షిప్పునకు పేరు వ్రాయించుకొనకుందురు గాక.

ఇంకొక్క మాట. ఇంత ప్రయాసపడి యొక బాలిక జీడిమెట్లలో అప్రెంటిసు స్థానము సంపాదించినదనుకొందము. కంపెనీవారు అసలు పట్టా చూపుమందురు. పట్టా కళాశాల బీరువాలో నుండును. ప్రభుత్వమునుండి బోధనాశుల్కపు బకాయి రాలేదనియు, ఆ సొమ్ము నీవు కట్టి తీసికొనిపొమ్మనియు గుమాస్తా చెప్పును. బకాయిపడినది ప్రభుత్వము, పుచ్చుకొనవలసినది యాజమాన్యము. నడుమ తాకట్టు పడినది ఆ బాలిక. చేరవలసిన గడువు సోమవారముతో ముగియును. ఆ బీరువా తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో ఆ కళాశాల కార్యదర్శిగారు సెలవిత్తురా?