మురుగులోంచి మళ్లీ మన కంచంలోకి

తోటకూర కట్ట విప్పి నాలుగు నీళ్లు పోసి కడిగేస్తే మట్టి పోతుంది, హమ్మయ్య అనుకుంటాం. కానీ కంటికి కనబడనిది, వాసన లేనిది ఆకు లోపలికే చేరితే? దాన్ని ఏ నీళ్లతో కడగాలి?

జపాన్ ఇల్లాళ్లకి ఈ ప్రశ్న 2011లో ఎదురైంది. మార్చి 11న భూకంపం, సునామీ వచ్చి ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం దెబ్బతింది. గాల్లో కలిసిన సీసియం వానతోపాటు కప్పుల మీద, రోడ్ల మీద పడి మురుగు కాలువల్లోకి చేరింది. శుద్ధి కేంద్రాల్లో నీళ్లు తేటపడి వెళ్లిపోయాయి. సీసియం మాత్రం బురదలో పేరుకుంది, పులుసు మరిగిన కొద్దీ ఉప్పు ఎక్కినట్టు! మే నెల మొదట్లో కోరియామా కేంద్రంలోని బురదలో కిలోకి 26 వేల బెక్వెరల్‌కి పైగా తేలింది.

అక్కడ మురుగు బురదని సిమెంటుకీ, ఎరువుకీ వాడటం మామూలే. జూన్‌లో ప్రభుత్వం మేల్కొని, కిలోకి 200 బెక్వెరల్ దాటిన బురద ఎరువుకి పనికిరాదంది. ఎందుకంటే సీసియం 137 సగానికి తగ్గడానికే 30 ఏళ్లు పడుతుంది. పైగా అది పొటాషియం లాంటిదే. నేలలో పొటాషియం తక్కువైతే మొక్క సీసియాన్ని పీల్చేసుకుంటుంది. అందుకే రైతులు పొలాలకి పొటాష్ వేశారు. 2012 పంట నుంచి ఫుకుషిమాలో ప్రతి బియ్యం బస్తానీ పరీక్షించారు, ఏటా దాదాపు కోటి బస్తాలు! మొదటి ఏడు 71 బస్తాలు పరిమితి దాటాయి. 2015 పంట నుంచి ఆ పరీక్షల్లో ఒక్కటీ దాటలేదు.

ఇవాకి ఊరి తల్లులైతే ప్రభుత్వం మాట కోసం ఎదురుచూడలేదు. 2011 నవంబరులోనే పిల్లల తిండిని కొలిచే ప్రయోగశాల తామే పెట్టుకున్నారు.

'మనకెందుకు ఈ గొడవ' అంటారేమో. మనకి ఫుకుషిమా లేదు, నిజమే. కానీ మూసీ మురుగుతో ఆకుకూరలు పండుతున్నాయి. థైరాయిడ్ క్యాన్సర్‌కి ఇచ్చే రేడియో అయోడిన్ రోగి మూత్రంలో బయటికొస్తుంది. ఎనిమిది రోజులకి దాని శక్తి సగం అవుతుంది కాబట్టి, ఆ వార్డుల మురుగుని ట్యాంకుల్లో నిలవ ఉంచాకే వదలాలి. ఈ నిబంధన నిజంగా అమలవుతోందా అని అడగాల్సింది మనమే.

బురద ఎరువు చెడ్డదని కాదు. అందులో నేలకి బలముంది. కాకపోతే పరీక్షించాకే పొలానికి పంపాలి. కాలువలో పారేశాం, పీడా పోయిందనుకుంటాం. ఎక్కడికీ పోదు. తిరిగి తిరిగి మన వంటింటికే వస్తుంది.