ఇంట్లో సినిమా హాలు: మోత కంటే ఎర్తింగ్ ముఖ్యం

ఇంట్లోనే సినిమా హాలు మోత వినాలన్న సరదా పల్లెలకూ పాకింది. కంపెనీ సెట్టు కొనే స్తోమతు లేని కుర్రకారు 4440 ఐ.సి. బోర్డు, 12-0-12 ట్రాన్స్‌ఫార్మరు, చెక్కపెట్టెలో బిగించిన బాసు స్పీకరుతో సొంతంగా సెట్లు తయారు చేసుకుంటున్నారు.

ఇది మెచ్చదగిన పనే. చెడితే విప్పి బాగుచేసుకోవచ్చు. పాత స్పీకర్లు చెత్తకుప్ప పాలు కావు. డబ్బాపై పి.ఎం.పి.ఓ. అంటూ వేల వాట్లు అచ్చువేసిన సరుకు చూసి మోసపోయే బాధ లేదు. 4440 ఐ.సి. ఒక్కో చానెలుకు ఇచ్చేది 6 వాట్లే. మామూలు గదికి అది చాలు.

అయితే ఒక్క విషయంలో అశ్రద్ధ ప్రాణాంతకం. ట్రాన్స్‌ఫార్మరులోకి వచ్చేది 230 వోల్టుల కరెంటు. దాన్ని రేకు డబ్బాలో పెట్టి రెండు పిన్నుల ప్లగ్గుతో నడిపేవారున్నారు. లోపల తీగ ఊడి డబ్బాకు తగిలితే, దాన్ని ముట్టుకున్న పసివాడికి దిక్కెవరు? మూడు పిన్నుల ప్లగ్గు, ఫ్యూజు, డబ్బాకు ఎర్తు తీగ తప్పనిసరి. ఇంటికి ఎర్తింగే లేకపోతే ఆ మూడో పిన్ను అలంకారప్రాయమే.

ఇరుగుపొరుగును కూడా తలచుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి 10 దాటితే పరిమితి 45 డెసిబెల్సే.

విద్యుత్ సిబ్బంది, ఐ.టి.ఐ. అధ్యాపకులు ఊరికి ఒక పూట కేటాయించి ఎర్తింగ్ వేసే పద్ధతి చూపిస్తే కుర్రవాళ్ల నేర్పుకు రక్షణ తోడవుతుంది. ప్రమాదం జరిగాక విచారించడం కంటే ఇది మేలు.