కారితేనే... అది కారు!

కొత్త కారు కొంటే కొబ్బరికాయ కొడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. పాతబడితే బేరం పెడతాం. బేరం కుదరకపోతే తూకానికి ఇచ్చేస్తాం. బ్రిటన్‌లో కొందరున్నారు... మనం వదిలించుకునే వయసులోనే వాళ్లకు కారు మీద మోజు మొదలవుతుంది!

నవంబరు నెల మొదటి ఆదివారం. లండన్‌లోని హైడ్ పార్కులో అప్పుడే తెల్లవారుతుంటుంది. ఎముకలు కొరికే చలి. అయినా వందల కార్లు బారులు తీరి ఉంటాయి. చాలావాటికి పైకప్పు లేదు, ముందు అద్దం లేదు. కొన్నింటికి స్టీరింగ్ చక్రం బదులు ఓ కర్ర పిడి. అన్నీ 1905కు ముందు తయారైనవే. అక్కడి నుంచి సుమారు 96 కిలోమీటర్ల దూరంలో, సముద్రం ఒడ్డున ఉన్న బ్రైటన్ పట్టణానికి ప్రయాణం. ఇది పోటీ కాదు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న లెక్కే లేదు. సాయంత్రంలోగా చేరడమే గెలుపు! గట్టు ఎక్కలేక బండి మొరాయిస్తే ఎక్కినవాళ్లే దిగి తోయాలి.

ఎర్రజెండా చించేసి...

ఈ సరదా వెనక ఓ చరిత్ర ఉంది. 1865లో బ్రిటన్ ఓ చట్టం చేసింది. యంత్రంతో నడిచే బండి ఊళ్లో గంటకు 2 మైళ్లు, ఊరి బయట 4 మైళ్లకు మించి వెళ్లకూడదు. పైగా దాని ముందు ఓ మనిషి ఎర్రజెండా పట్టుకుని నడవాలి! జెండా నిబంధన తరవాత సడలినా, ముందు మనిషి నడవడం మాత్రం 1896 దాకా తప్పలేదు. ఆ ఏడాది నవంబరు 14న కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. ఆ ఆనందంలో కార్లవాళ్లంతా లండన్ నుంచి బ్రైటన్‌కు ఊరేగింపుగా వెళ్లారు. 1927లో దాన్ని పునరుద్ధరించారు. యుద్ధం రోజులు, పెట్రోలు రేషను రోజులు, 2020 కొవిడ్ ఏడాది తప్ప ఆగింది లేదు. ఇప్పటికీ బయల్దేరే ముందు ఓ ఎర్రజెండాను చించడం ఆనవాయితీ.

ఈ ప్రయాణమే కథావస్తువుగా 1953లో ‘జెనెవీవ్’ అనే హాస్యచిత్రం వచ్చింది. పేరు కథానాయికది కాదు, 1904 నాటి డరాక్ కారుది! ఇద్దరు మిత్రులు పాత కార్లేసుకుని పందేలు కాస్తూ పోట్లాడుకునే ఆ కథ చూశాక, షెడ్డుల్లో మూలపడ్డ బండ్లకు మళ్లీ గిరాకీ వచ్చింది.

జమీందార్లవే కాదు...

పాత కార్ల పిచ్చి అనగానే రోల్స్‌రాయిస్‌లు, బెంట్లీలు గుర్తొస్తాయి. కానీ అక్కడ ఎక్కువమంది ముచ్చటపడేది మధ్యతరగతి కార్ల మీదే. 1922లో వచ్చిన ఆస్టిన్ సెవెన్ చూడటానికి బొమ్మకారులా ఉంటుంది. మోటారు సైకిలు, సైడ్‌కారుతో సరిపెట్టుకునే కుటుంబాలను కారెక్కించింది అదే. 1948లో వచ్చిన మోరిస్ మైనర్ పది లక్షలు దాటిన తొలి బ్రిటిష్ కారు. ఊరూరా తిరిగే నర్సమ్మలు, పోలీసులు, పోస్టల్ శాఖ... అందరూ దాన్నే వాడారు. దాని రూపశిల్పి అలెక్ ఇసిగోనిస్. 1956 సూయెజ్ సంక్షోభంతో పెట్రోలుకు కటకట వచ్చినప్పుడు, తక్కువ తాగి నలుగురిని మోసే కారు కావాలన్నారు. ఆయన చేతి నుంచే 1959లో ‘మినీ’ వచ్చింది. పొడవు పదడుగులు. ధర 496 పౌండ్లు. 2000 సంవత్సరం దాకా, 50 లక్షలకు పైగా తయారయ్యాయి.

తాత నడిపింది, అమ్మ డ్రైవింగ్ నేర్చుకుంది, నాన్న పెళ్లికి ఎక్కింది... అలాంటి కార్లు కాబట్టే వాటి మీద అంత ప్రేమ.

స్పానర్లకే తిప్పలు

ప్రేమ సరే, పోషణ? అసలు కథంతా అక్కడే ఉంది. పాత బ్రిటిష్ కార్ల బోల్టులు చాలావరకు జోసెఫ్ విట్‌వర్త్ 1841లో ప్రతిపాదించిన కొలతల్లో ఉంటాయి. ఇప్పటి మెట్రిక్ స్పానర్లు వాటికి సరిగా పట్టవు. 1940ల నాటి ఎంజీ కార్ల ఇంజిన్లయితే మరీ విచిత్రం. మోరిస్ సంస్థ 1923లో ఓ ఫ్రెంచి కంపెనీ ఫ్యాక్టరీని యంత్రాలతో సహా కొనేసింది. ఆ వారసత్వం కారణంగా బోల్టుల మరలు మెట్రిక్, తలలు విట్‌వర్త్! తెలియని మెకానిక్ చేతిలో పడితే బోల్టు మర పాడైపోవడం ఖాయం.

కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. లైట్లు, వైర్లు తయారుచేసిన లూకాస్ కంపెనీకి అభిమానులు ముద్దుగా పెట్టిన పేరు ‘చీకటి రాకుమారుడు’. స్విచ్చికి మూడు మెట్లట... మసక, మిణుకు, గప్‌చుప్! నిజానికి చాలాసార్లు తప్పు లూకాస్‌ది కాదు, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్లది.

ఇక మోరిస్ ట్రావెలర్ వెనకభాగం చట్రం కర్రతో చేసింది. అది అలంకారం కాదు, బాడీని మోసేది అదే. నీళ్లు దిగితే పుచ్చిపోతుంది. అందుకే ఏటా వార్నిష్ వేసి తలుపు చెక్కల్లా కాపాడుకుంటారు.

మరి సామాన్లు ఎక్కడ దొరుకుతాయి? బ్యూలీ అనే ఊళ్లో, జాతీయ మోటారు మ్యూజియం ఆవరణలో 1967 నుంచి సెప్టెంబరులో ఓ సంత జరుగుతోంది. విజయవాడ ఆటోనగర్‌లోని పాత సామాన్ల కొట్లన్నీ ఓ పచ్చిక మైదానంలో పరిచినట్టుంటుంది. చేతిలో చీటీ పట్టుకుని, తుప్పుపట్టిన హెడ్‌లైటు రింగు కోసం గంటలు గంటలు తిరిగేవాళ్లు అక్కడ కనిపిస్తారు.

పరకాయ ప్రవేశం

ఎంజీ అబింగ్‌డన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది. అయినా 1988 నుంచి ఎంజీబీ కారు బాడీ కొత్తగా దొరుకుతోంది. పాత అచ్చులనే వెతికి పట్టుకుని, వాటితోనే మళ్లీ రేకులు కొట్టడం మొదలుపెట్టారు మరి. పాత ఇంజినూ గేర్‌బాక్సూ తెచ్చి అందులో బిగిస్తే చాలు. అచ్చం పరకాయ ప్రవేశమే!

ఇక్కడే చిక్కు వచ్చింది. రేకు కొత్తది, రంగు కొత్తది, సీటు కొత్తది... మరి కారు పాతదేనా? కొందరు అద్దంలా మెరిసేలా చేయిస్తారు. ఇంకొందరు గీతలూ చొట్టలూ అలాగే ఉంచి, నూనె గుడ్డతో తుడిచి నడుపుకుంటారు. ఆ చొట్ట కూడా దాని జాతకంలో భాగమే అంటారు వీళ్లు. మధ్యలో బ్యాటరీ వర్గం బయల్దేరింది. 2018లో ప్రిన్స్ హ్యారీ పెళ్లినాడు దంపతులు విందుకు వెళ్లిన జాగ్వార్ ఈ-టైప్ పెట్రోలుతో కాదు, విద్యుత్తుతో నడిచింది. ‘గుండె తీసేశాక ఇంకేం మిగిలింది?’ అని పాతవాళ్లు, ‘రోడ్డు మీదైతే ఉందిగా’ అని కొత్తవాళ్లు!

చేతులు కావాలి

ప్రభుత్వం కొంత చేయూతనిస్తోంది. బ్రిటన్‌లో 40 ఏళ్లు దాటిన కారుకు రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చేయకపోతే 2018 నుంచి ఏటా తప్పనిసరి తనిఖీ కూడా లేదు. కానీ పెట్రోలు మారింది. 2021 నుంచి అక్కడి మామూలు పెట్రోలులో 10 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. అది పాత రబ్బరు గొట్టాలను తినేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. గొట్టాలు మార్చుకోవచ్చు. మనుషుల్నో? చెవిపెట్టి విని కార్బురేటర్ సరిచేసే మెకానిక్కులు ముసలివాళ్లయిపోతున్నారు. అందుకే ఒకప్పటి వైమానిక స్థావరమైన బిస్టర్‌లో వెలసిన వర్క్‌షాపుల్లో కుర్రాళ్లకు ఈ పని నేర్పుతున్నారు. కారును కాపాడటమంటే ముందు ఆ విద్యను కాపాడటమే.

ఇదంతా మనకెందుకూ అనుకోవద్దు. మన అంబాసిడర్ ఎవరో కాదు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌కు సొంత తోబుట్టువు. పుట్టింట్లో దాన్ని ఎప్పుడో ఆపేసినా, ఇక్కడ 2014 దాకా తయారైంది. 1990ల్లో కొన్ని అంబాసిడర్లు తిరిగి బ్రిటన్‌కే ప్రయాణం కట్టాయి! మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడా బ్రిటన్ ట్రయంఫ్ సంతానమే. ఆరో నిజాం ఆర్డరిచ్చి, చేతికి అందకముందే కన్నుమూసిన 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్‌ను చౌమహల్లా ప్యాలెస్‌లో భద్రంగా చూసుకుంటున్నాం. కానీ మూడు తరాలను మోసిన అంబాసిడర్‌ను మాత్రం చింతచెట్టు కింద వదిలేశాం. 2021 నుంచి మన దగ్గరా 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఉంది. రోజూ తిప్పుకోవడానికి, కిరాయికి కాదు... ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు తీసుకెళ్లడానికి.

పాత బ్రిటిష్ కార్ల గురించి ఓ ఛలోక్తి ఉంది. కింద నూనె మరక లేదంటే లోపల నూనె లేదని అర్థం! దానికో కారణమూ ఉంది. మోరిస్ మైనర్ ఇంజిన్ వెనకభాగంలో రబ్బరు సీలు బదులు మరలాంటి గాడి ఉంటుంది. ఇంజిన్ తిరుగుతున్నంతసేపు అది నూనెను లోపలికే నెడుతుంది. ఆపేశారా... బొట్టు బొట్టుగా కారడం మొదలు!

షెడ్డులో పెట్టి తాళం వేస్తే పాడవుతుంది. వారానికోసారి ఊరు చుట్టి వస్తే బాగుంటుంది. కార్లకైనా, మనుషులకైనా!