అసలు లేని చోట నకలు బేరం

పాత వస్తువుకు కొత్త గిరాకీ రావడం వింతేమీ కాదు. పాత నాణేలకు, తపాలా బిళ్లలకు, గ్రామఫోన్ రికార్డులకు కొనేవారు ఎప్పుడూ వున్నారు. ఇప్పుడు ఆ వరసలోకి వీడియో గేమ్ క్యాసెట్లు వచ్చి చేరాయి. 1990 దశకంలో టీవీకి వైరు తగిలించి మేరియో, కాంట్రా ఆటలు ఆడిన పిల్లలు నేడు నలభయ్యో పడికి అటూ ఇటూగా వున్నారు. చేతిలో నాలుగు డబ్బులున్నాయి. నాటి ఆటను నాటి పద్ధతిలోనే, క్యాసెట్టు గుచ్చి ఆడాలన్న ముచ్చటా వుంది. గిరాకీ వున్న చోటికి సరుకు రాక మానదు. అయితే అలా వస్తున్న సరుకులో చాలా భాగం నాటిది కాదు. పాత ఆటను కొత్త బోర్డు మీదికి ఎక్కించి, కొత్త ప్లాస్టిక్ డొప్పలో పెట్టి, పాత బొమ్మను మళ్లీ ముద్రించి అతికించిన నకలు. దీనిని కొనవచ్చునా, కొంటే ఎంతకు కొనవచ్చు అన్న ప్రశ్నకు మన దేశంలో జవాబు చెప్పడం అమెరికాలోనో జపాన్‌లోనో చెప్పినంత తేలిక కాదు.

కోల్‌కతాలోని భవానీపూర్‌నే తీసుకుందాం. దేశంలోని మొట్టమొదటి మెట్రో రైలు 1984 అక్టోబర్ 24న ఎస్ప్లనేడ్, భవానీపూర్ స్టేషన్ల మధ్యనే నడిచింది. ఆ భవానీపూర్ స్టేషన్‌కే తరువాత నేతాజీ భవన్ అని పేరు మార్చారు. అక్కడ రైలెక్కిన వ్యక్తి ఐదో స్టేషన్‌లో దిగితే చాందినీ చౌక్. ఎలక్ట్రానిక్ విడిభాగాలకు, మరమ్మతు దుకాణాలకు పేరుపడ్డ బజారు అది. అదే వ్యక్తి రైలు మాని పడమటి దిక్కుగా కొద్ది కిలోమీటర్లు వెళితే రేవు ప్రాంతమైన ఖిద్దిర్‌పూర్, అందులోని ఫ్యాన్సీ మార్కెట్ వస్తాయి. ఆర్థిక సంస్కరణలకు ముందు కలకత్తా మధ్యతరగతి కుటుంబాలు విదేశీ సరుకు కోసం వెళ్లిన చోటు అదే. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం 2021 సంవత్సరానికి ప్రకటించిన నకిలీ సరుకు బజార్ల జాబితాలో ఢిల్లీలోని పాలికా బజార్‌తో పాటు ఖిద్దిర్‌పూర్ పేరు కూడా వుంది. అమెరికా జాబితాలను వేదవాక్కుగా స్వీకరించనక్కరలేదు. వాటి వెనుక ఆ దేశపు కంపెనీల ప్రయోజనాలు వుంటాయన్నది దాచేస్తే దాగేది కాదు. అయినా భవానీపూర్ కొనుగోలుదారు ఒక చెంప మరమ్మతుదారుకు, మరో చెంప నకలు సరుకుకు సమాన దూరంలో వున్నాడన్నది మాత్రం నిజం. హైదరాబాద్‌లో కోఠీ గుజరాతీ గల్లీ, చెన్నైలో రిచీ స్ట్రీట్ తెలిసిన పాఠకులకు ఈ పరిస్థితి కొత్తది కాదు.

అసలు అంటే ఏది? జపాన్‌కు చెందిన నింటెండో కంపెనీ 1983 జులై 15న ఫ్యామిలీ కంప్యూటర్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. దాని క్యాసెట్టుకు 60 పిన్నులు. 1985లో అదే యంత్రం ఆకారం మార్చుకుని అమెరికా చేరింది. అక్కడి క్యాసెట్టు బూడిద రంగులో, పెద్దదిగా, 72 పిన్నులతో వుంటుంది. మన ఇళ్లకు చేరినవి ఈ రెండూ కావు. జపాన్ యంత్రాన్ని పోలిన యంత్రాలు సమురాయ్, లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో ఇక్కడ అమ్ముడుపోయాయి. వాటితో ఆడిన క్యాసెట్లలో చాలా భాగం నకళ్లే. ఒకే క్యాసెట్టులో 99,99,999 ఆటలున్నాయని అట్ట మీద అచ్చు వేసేవారు. తీరా చూస్తే పట్టుమని పదో ఇరవయ్యో ఆటలు, వాటినే పేరు మార్చి, దశ మార్చి మళ్లీ మళ్లీ చూపడం. అంతటి అంకెను నమ్మిన వయసు అది!

కనుక మన తరం గుర్తుంచుకున్న వస్తువే నకలు. నేడు అమెరికా నుంచి తెప్పించిన బూడిద రంగు క్యాసెట్టును అసలైనదని చెప్పి వేల రూపాయలకు అమ్మజూపితే, అది మన చిన్ననాటి యంత్రంలో దూరనైనా దూరదు. పిన్నుల లెక్కే కుదరదు. దానికోసం మధ్యలో మరొక అమరిక కొనాలి. అసలుపై మోజుతో డబ్బు పోసేవారు ముందుగా ఈ సంగతి గమనించడం మంచిది.

ఇక నకలు నాణ్యత విషయం. ఇక్కడ కాస్త లోపలికి వెళ్లక తప్పదు. 1985 నాటి సూపర్ మేరియో బ్రదర్స్ ఆట మొత్తం పరిమాణం 40 కిలోబైట్లు. నేటి మొబైల్ ఫోన్‌లో తీసే ఒక్క ఫోటో దానికి ఎన్నో రెట్లుంటుంది. ఆ ఆటను కర్మాగారంలోనే చిప్‌లో శాశ్వతంగా అచ్చు వేసేవారు. అందుకే నలభై ఏళ్లు దాటినా ఆ చిప్‌లు పనిచేస్తున్నాయి. నకలు తయారీదారు అటువంటి చిప్ వేయించలేడు. తుడిచి మళ్లీ రాయడానికి వీలున్న ఫ్లాష్ చిప్ వాడతాడు. పాత యంత్రాలు 5 వోల్టుల విద్యుత్తుపై నడుస్తాయి. నేడు చవకగా దొరికే ఫ్లాష్ చిప్‌లలో చాలా వాటికి తగినది 3.3 వోల్టులు. మధ్యలో వోల్టేజీ సర్దే భాగం వుండాలి. దాని ఖరీదు స్వల్పమే అయినా, ఆ స్వల్పాన్నీ మిగుల్చుకునే తయారీదారులు లేకపోలేదు. అటువంటి క్యాసెట్టు మొదటి రోజున చక్కగా ఆడుతుంది. కాలక్రమంలో చిప్‌కూ చేటు, యంత్రానికీ చేటు. అట్ట మీది బొమ్మ ఎంత నిగనిగలాడినా ఈ లోపం బయటికి కనిపించదు.

బ్యాటరీ సంగతి మరొకటి. 1987లో అమెరికాలో బంగారు రంగు క్యాసెట్టులో విడుదలైన జెల్డా వంటి ఆటల్లో ఆడినంత మేరకు గుర్తుంచుకోవడానికి లోపల నాణెం ఆకారపు బ్యాటరీ వుంటుంది. అసలు క్యాసెట్లలో ఈ బ్యాటరీలు పాతవై చచ్చిపోతున్నాయి. ఈ ఒక్క విషయంలో మంచి నకలుకు అసలు కంటే మెరుగైన యోగ్యత వున్నదని ఒప్పుకోవాలి. కానీ దీనికి విరుద్ధమైన ఉదాహరణా వుంది. నింటెండో చేతి యంత్రానికి వచ్చిన పోకెమాన్ రూబీ, సఫైర్ ఆటల అసలు క్యాసెట్టులో బ్యాటరీ గడియారం కోసమే. ఆట గుర్తుంచుకునే పని వేరే చిప్‌ది. బ్యాటరీ అయిపోయినా ఆట పోదు. కొన్ని నకళ్లు మాత్రం ఆ పనినీ బ్యాటరీకే అప్పగించాయి. అది అయిపోయిన రోజున నెలల తరబడి ఆడిన ఆట మాయం. పిల్లవాడికి ఆ నకలు కొనిచ్చిన తండ్రి ధరలో ఆదా చేసినదెంత, పోగొట్టుకున్నదెంత?

నకలును నకలుగా, కొన్ని వందల రూపాయలకు అమ్మితే ఈ లోపాలను ఆ ధరలోనే సర్దుకోవచ్చు. అసలు పేరుతో అమ్మడమే అన్యాయం. 2021 జులైలో అట్టపెట్టె విప్పని సూపర్ మేరియో 64 క్యాసెట్టు ఒకటి అమెరికాలో హెరిటేజ్ సంస్థ వేలంలో 15.6 లక్షల డాలర్లకు పోయింది. ఇటువంటి వార్తలు ఏజెన్సీల ద్వారా ప్రపంచమంతా పాకుతాయి. అటక మీది క్యాసెట్టు కూడా నిధి అయి వుంటుందన్న భ్రమ కొందరికి, దొంగ క్యాసెట్టుకూ ఆ వెలలో చిటికెడు వస్తుందన్న ఆశ మరికొందరికి కలుగుతాయి. ఒకసారి దొంగ సరుకు కలిశాక నిజాయితీగా పాత క్యాసెట్టు అమ్ముకునే వ్యక్తినీ ఎవరూ నమ్మరు. ఏమీ తెలియని మూడో కొనుగోలుదారు దగ్గర ఆ నష్టం తేలుతుంది.

అనుమతితో వచ్చిన నకళ్లు లేవా? ఉన్నాయి. 2017లో క్యాప్‌కామ్ అనుమతితో అమెరికాలోని ఐయామ్8బిట్ సంస్థ స్ట్రీట్ ఫైటర్ 2 క్యాసెట్లను 5,500 మాత్రమే, ఒక్కొక్కటి 100 డాలర్లకు విడుదల చేసింది. వాటిని వాడితే యంత్రం వేడెక్కవచ్చునని, మంటలు అంటుకోవచ్చునని ఆ సంస్థే హెచ్చరిక జత చేసింది. బాధ్యత నుంచి తప్పుకునే వకీలు భాష అని కొట్టిపారేయవచ్చు గానీ, లైసెన్సు వున్న వారే అంత జాగ్రత్త పడితే పేరూ ఊరూ లేని తయారీదారు మాటేమిటి? ఇంతకంటే తృప్తినిచ్చే సరుకు మరొకటి వుంది. పాత యంత్రం కోసం ఇప్పుడు కొత్తగా రాస్తున్న ఆటలు. 2019లో వచ్చిన మైక్రో మేజెస్ అనే ఆటను తయారీదారులు పట్టుబట్టి మేరియో మాదిరే 40 కిలోబైట్లలో ఇమిడ్చారు. అటువంటి క్యాసెట్టుకు పెట్టే డబ్బు రాసినవారికి చేరుతుంది.

అనువాదాల విషయంలో ఈ రచయితకు కాస్త పక్షపాతం వుంది. రోజూ ఏజెన్సీ వార్తలను తెనిగించి పొట్ట పోసుకునే వృత్తి మరి. 2006లో జపాన్‌లో విడుదలైన మదర్ 3 ఆటను నింటెండో ఇంగ్లీషులో తేలేదు. క్లైడ్ మాండెలిన్ నాయకత్వంలో అభిమానులు తామే అనువదించి 2008లో ఉచితంగా అందించారు. ఆటను కాక, ఆటకు అతికించవలసిన మార్పుల ఫైలును మాత్రమే ఇచ్చారు. ఆ శ్రమను క్యాసెట్టులోకి ఎక్కించి అమ్ముకుంటున్నవారు వేరు. అనువాదకుడికి దమ్మిడీ రాదు. మా పత్రికలో తర్జుమా అయిన వార్తకైనా తలపై ఏజెన్సీ పేరుంటుంది, ఏజెన్సీకి చందా ముడుతుంది. ఈ క్యాసెట్ల మీద ఆ మర్యాద కూడా లేదు. వీటిని ఎంత చవకగా ఇచ్చినా కొనకూడదనే నా అభిప్రాయం.

చట్టం ఏమంటున్నది? పాత యంత్రంపై పేటెంట్లు ఏనాడో తీరిపోయాయి. దానిని పోలిన యంత్రం తయారీకి అవి అడ్డు కావు. ఆటలపై కాపీరైట్ మాత్రం తీరలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణతో 63-బి సెక్షన్ చేరింది. కంప్యూటర్ ప్రోగ్రామ్ దొంగ ప్రతి అని తెలిసి కూడా వాడినవారికి ఏడు రోజుల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50 వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. వ్యాపార లాభం కోసం కాకపోతే జైలు లేకుండా, 50 వేలకు మించని జరిమానాతో కోర్టు వదిలిపెట్టవచ్చు. ఇంట్లో మేరియో ఆడే గృహస్థును పట్టుకోవడానికి పోలీసులు వస్తారని ఎవరూ అనుకోరు. కానీ ‘ఇది నకలు’ అని నిజాయితీగా చెప్పి అమ్మినంత మాత్రాన చట్టం దృష్టిలో అది అసలైపోదు. ఆ సంగతి తెలిసే కొనాలి.

కంపెనీల బాధ్యత కూడా తక్కువేమీ కాదు. 2010కి ముందు అమెరికాలో విడుదలైన ఆటలలో 87 శాతం నేడు బజారులో దొరకడం లేదని అక్కడి వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023 జులైలో తేల్చింది. అదే ఏడాది మార్చి 27న నింటెండో తన రెండు పాత యంత్రాల ఆన్‌లైన్ దుకాణాన్ని మూసివేసింది. అమ్మననేవాడు, దొంగిలించవద్దనేవాడు ఒక్కడే అయినప్పుడు ఖిద్దిర్‌పూర్ వంటి బజార్లకు బేరాలు తగ్గవు.

ఇన్ని చెప్పినా కొనేవారు కొంటారు. అటువంటివారు చాందినీలో కాసేపు ఆగి, క్యాసెట్టు డొప్ప విప్పి చూపమని అడగడం మేలు. బోర్డు మీద చిప్‌కు బదులు నల్లని జిగురు ముద్ద వుంటే అది చవక సరుకు. వందల్లో మాట్లాడాలి గానీ వేలల్లో కాదు. కంపెనీ పేరు బోర్డు మీద అచ్చయి వున్నదా, బ్యాటరీ వేయవలసిన చోట బ్యాటరీ వున్నదా, వోల్టేజీ సర్దే భాగం వున్నదా అన్నది మరమ్మతు చేసే కుర్రవాడు రెండు నిమిషాల్లో చెప్పగలడు. అసలైనదంటూనే విప్పడానికి ఒప్పుకోని దుకాణదారు ఎదురైతే, నేతాజీ భవన్‌కు తిరుగు టికెట్టు కొనుక్కోవడమే లాభం.